విస్కాన్సిన్ మిల్లర్ల జర్మనీ ఊరు పట్టుకోవడం ఎట్లా?

కావలి అమ్మమ్మ:
నమస్కారమండీ. మనవరాలికి రెండు వైపులా వంశవృక్షం రాసివ్వాలని కూర్చున్నాను. మా వైపు ఏడు తరాలు వచ్చాయి. అల్లుడు విస్కాన్సిన్ వాడు, ఇంటిపేరు మిల్లర్. వాళ్ళ వైపు జాన్ అనే పెద్దాయన దగ్గర ఆగిపోయింది. 1880 జనాభా లెక్కల్లో ఆయన రైతు, పుట్టింది ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) అని ఉంది. భార్య పుట్టింటి పేరు లేదు. జాన్ మిల్లర్‌కు జర్మన్ రూపం యోహాన్ ముల్లర్ అట, జర్మన్ రికార్డుల్లో అలా కొడితే లెక్కలేనంత మంది వస్తున్నారు. కావలిలో కూర్చుని ఊరు తెలుసుకునే దారుందా?

ఒంగోలు పాతకాగితాలు:
ఉందమ్మా. ముందు ఇంట గెలిచి తర్వాత రచ్చ గెలవాలి. ఊరి పేరు తెలియకుండా జర్మనీ రికార్డుల్లో దిగొద్దు. అక్కడ దేశమంతటికీ కలిపి ఒక రిజిస్టర్ లేదు, ఏ చర్చి పుస్తకం ఆ చర్చిదే. ఊరి పేరు అమెరికా కాగితాల్లోనే దొరకాలి.

1900 జనాభా లెక్కలు తీయండి. పుట్టిన నెల, సంవత్సరం, అమెరికా వచ్చిన సంవత్సరం అందులో ఉంటాయి. పౌరసత్వం గడిలో 'ఎన్ఏ' అంటే పౌరసత్వం వచ్చింది, 'పీఏ' అంటే మొదటి కాగితం వేశారు, 'ఏఎల్' అంటే ఏదీ లేదు. 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయాయి, వాటి కోసం తిరగొద్దు. పౌరసత్వ కాగితాల్లో పుట్టిన ఊరు, ఓడ పేరు వరుసగా కనిపించేది 1906 సెప్టెంబరు తర్వాతే. అంతకుముందువాటిలో 'ప్రష్యా రాజుకు విధేయత వదులుకుంటున్నాను' అన్నంతవరకే ఉంటుంది.

అసలు ఆశ చర్చి మీదే. ఆయన వెళ్ళిన చర్చిలో పెళ్ళి, మరణం రిజిస్టర్లు జర్మన్‌లోనే రాసేవారు. పాస్టర్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడైతే ఊరి పేరు తప్పు లేకుండా రాసి ఉంటాడు. జాన్‌ది దొరక్కపోతే అన్నదమ్ములవి, బిడ్డల బాప్తిస్మాలకు సాక్షులుగా నిలిచినవాళ్ళవి, పక్క పొలం వాళ్ళవి తీయండి. ఒకే ఊరి వాళ్ళు ఒకేచోట దిగడం అప్పట్లో మామూలు.

కందుకూరు:
జర్మనీలోని హాంబర్గ్ రేవు ఓడ జాబితాల్లో చివరిగా ఉన్న ఊరు రాసి ఉంటుంది కదా, నేరుగా అవే చూడొచ్చుగా? 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి.

ఒంగోలు పాతకాగితాలు:
చూడొచ్చు. ఇంగ్లండు మీదుగా వెళ్ళినవాళ్ళ జాబితా వేరే ఉంటుంది, అది కూడా చూడాలి. అయితే బ్రెమెన్ నుంచి ఎక్కినవాళ్ళూ చాలామంది. ఆ రేవు పాత జాబితాలు చాలావరకు మిగల్లేదు. హాంబర్గ్‌లో పేరు లేకపోతే జర్మనీ నుంచి రాలేదని కాదు. ఇంకో మాట, న్యూయార్క్‌లో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు పేరు మార్చేశారనే కథ నమ్మొద్దు. జాబితా ఎక్కిన రేవులోనే తయారయ్యేది, పైగా ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. ముల్లర్ మిల్లర్ అయింది, ష్నైడర్ టేలర్ అయింది, వాళ్ళంతట వాళ్ళే కాలక్రమంలో మార్చుకున్నారు.

కావలి అమ్మమ్మ:
1900 లెక్కల్లో 1868లో వచ్చినట్టుంది, పుట్టింది 1843. అల్లుడు లూథరన్ చర్చికి రాస్తే పెళ్ళి పేజీ ఫోటో పంపారు. 'యోహాన్ కార్ల్ ముల్లర్, నోయెన్‌డార్ఫ్, పొమ్మర్న్' అని చదివారు. కానీ బిడ్డల బాప్తిస్మాల్లో ఆయన పేరు కార్ల్ అనే ఉంది. మనిషి ఒకడేనా?

గూడూరు:
ఒకడే అయ్యుండొచ్చమ్మా. యోహాన్ అనేది బాప్తిస్మంలో చాలామందికి ముందు తగిలించే పేరు, పిలుపు పేరు రెండోది. జర్మన్ రికార్డుల్లో ఇకమీదట కార్ల్ అని కూడా వెతకండి.

నోయెన్‌డార్ఫ్ అంటే 'కొత్త ఊరు', మన కొత్తపల్లి లాంటిది. ప్రష్యాలో భాగమైన ఆ పొమ్మర్న్ ప్రాంతంలోనే చాలా ఉన్నాయి. 1912 నాటి మేయర్స్ ఊళ్ళ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం. అన్ని నోయెన్‌డార్ఫ్‌లూ రాసుకుని, భార్య ఊరు, సాక్షుల ఊళ్ళు ఏ దానికి దగ్గరో చూడండి. ఊరు చిన్నదైతే చర్చి పక్క ఊళ్ళో ఉంటుంది, ఆ పేరు కింద వెతకాలి. పొమ్మర్న్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు పోలండ్‌లో ఉంది కాబట్టి ఊరి పేరు కూడా మారి ఉంటుంది. అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్‌ల సైట్ ఉచితం. జర్మనీ వైపు ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకు ఆర్కియాన్ అనే సైట్ ఉంది, డబ్బు కట్టాలి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో కొన్ని రికార్డుల ఫోటోలు ఇంటి నుంచి తెరుచుకోవు, వాళ్ళ కేంద్రానికి వెళ్ళే పని అల్లుడు గారికి అప్పజెప్పండి.

ప్రష్యాలో ప్రభుత్వ జనన మరణ నమోదు మొదలైంది 1874 అక్టోబరులో. 1843 జననానికి చర్చి పుస్తకమే దిక్కు. అయినా ఆ ప్రభుత్వ నమోదు రికార్డులు వదిలేయొద్దు. అక్కడే ఉండిపోయిన తోబుట్టువు 1874 తర్వాత చనిపోతే మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు రాసి ఉండొచ్చు.

లూథరన్లు కావడం మీకు కలిసొచ్చింది. మన నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల్లాగా పెద్దయ్యాక కాదు, పసిబిడ్డకే బాప్తిస్మం. మా గూడూరు, సూళ్ళూరుపేట వైపు హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మన్లు పెట్టిన లూథరన్ సంఘాల్లోనూ అంతే. కాబట్టి పుట్టిన కొద్ది రోజులకే పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. దొరకగానే సంబరపడొద్దు. పేరు పక్కన శిలువ గుర్తు ఉంటే ఆ బిడ్డ చనిపోయినట్టు, తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. ఇంకో నాలుగైదేళ్ళు ముందుకు తిప్పాలి.

రాత కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపి, మన పాత దస్తావేజుల గొలుసుకట్టు ఎంత కష్టమో ఇదీ అంతే. 'ఇ' (e) అక్షరం అచ్చం 'ఎన్' (n) లాగా రెండు గీతలు. 'యు' (u) మీద చిన్న వంపు గీత ఉంటుంది, దాంతోనే దాన్ని 'ఎన్' నుంచి విడదీయగలం. నోయెన్‌డార్ఫ్ (Neuendorf)లో ఈ మూడు అక్షరాలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మీ అల్లుడు గారు చదివింది ఒకసారి సరిచూడాలి. ఫోటో ఇక్కడ పెట్టండి. ఆ ఒక్క వరుస కాదు, పేజీ మొత్తం పెట్టండి. అదే పాస్టర్ రాసిన తెలిసిన పేర్లు పక్కనుంటేనే తెలియని అక్షరం తేలుతుంది.