మింగలేని వారికి సద్దుల బతుకమ్మ నాడు ఏం పెడుతున్నారు?

మిర్యాలగూడ కోడలు:
మా అత్తమ్మకు వేసవిలో పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు కొంత తేరుకున్నాయి గానీ మింగడం ఇంకా కుదుటపడలేదు. ఉండలు లేకుండా మెత్తగా రుబ్బిన ముద్దే పెట్టమని, నీళ్లు కూడా చిక్కబరిచి ఇవ్వమని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. ఏటా మా ఇంట్లో సద్దులు కలిపేది ఆమే. ఈసారి అందరం పులిహోర, నువ్వుల సద్ది, మలీద తింటూ ఆమె ముందు జావ పెట్టాలంటే నాకు చేతులు రావడం లేదు. దారి చెప్పండి.

పాలమూరు బిడ్డ:
అక్కా, పులిహోర మాత్రం వద్దు. మెతుకులు విడివిడిగా ఉంటాయి, పల్లీలు, పోపు గింజలు గొంతులో చిక్కుకుంటాయి. మా నాయనకు పార్కిన్సన్స్ జబ్బు. మాకు పెరుగు సద్ది బాగా కుదిరింది. అన్నం బాగా మెత్తగా వండి, వేడి మీదే పాలు పోసి మిక్సీ పట్టి, చల్లారాక గట్టి పెరుగు వేసి మళ్లీ తిప్పుతాను. అల్లం, కరివేపాకు, ఇంగువ, ఆవాలతో నేతిలో పోపు పెట్టి, వడగట్టి, ఆ నెయ్యి మాత్రమే కలుపుతాను. వాసన అంతా అందులోకే దిగుతుంది. అయితే కాసేపటికి అన్నం బంకలా సాగుతుంది. అందుకే పెట్టే ముందు చెంచా వంపి చూడండి. ముద్ద ఒక్కసారిగా జారి పడాలి, చెంచాకు పట్టుకోకూడదు, పక్కన నీరు ఊరకూడదు. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచకండి, లాలాజలం తగిలితే అన్నం ముద్ద పలుచబడిపోతుంది.

సూర్యాపేట నుంచి:
మలీద పొడిపొడిగా రాలుతుంది కాబట్టి అలాగే పెడితే ప్రమాదం. నేను సజ్జ రొట్టెను వేడి పాలలో అరగంట నానబెట్టి, కరిగించిన బెల్లం, నెయ్యి వేసి రుబ్బి, జల్లెడలో గరిటెతో రాసి దించాను. జల్లెడ మీద మిగిలిన పొట్టు చూశాక ఒళ్లు జలదరించింది, అదంతా అమ్మ గొంతులోకి వెళ్లేది కదా! చిన్న గిన్నెలో అదిమి పళ్లెంలో బోర్లిస్తే అమ్మ చూసి, "మలీదేనా?" అని అడిగింది.

వనపర్తి:
ఉగాది పచ్చడి దగ్గరా జాగ్రత్త. పలుచటి పులుసులో మామిడి ముక్కలు. మా తాతకు అక్కడే పొలమారింది.

నల్గొండ నర్సు:
నిటారుగా కూర్చోబెట్టి అర చెంచా చొప్పున పెట్టండి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకండి. గడ్డం దించి మింగడం అందరికీ సరిపడదు, థెరపిస్ట్ చెబితేనే చేయించండి. దగ్గు రాలేదు కదా అని ధీమా పడకండి. కొందరికి మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. గొంతులో నీళ్లున్నట్టు మాట గురగురమంటే వెంటనే ఆపండి. తర్వాత జ్వరం, ఆయాసం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పండుగకు వచ్చిన చుట్టాలకు ముందే చెప్పి ఉంచండి, ప్రేమ కొద్దీ సత్తుపిండి నోట్లో పెట్టేస్తారు.

మిర్యాలగూడ కోడలు:
ముందు రోజే పెరుగు సద్ది చేసి చూశాను. మొదట చెంచాకు అంటుకుంది, ఇంకొన్ని పాలు పోశాక జారింది. నాలుగు చెంచాలకు ఇరవై నిమిషాలు పట్టింది. తిన్నాక గిన్నె వైపు చూసి, "నువ్వులదేది?" అంది. అది ఎలా చేయాలి?

పాలమూరు బిడ్డ:
పొట్టు తీసిన తెల్ల నువ్వులు దోరగా వేయించి, నానబెట్టి రుబ్బి, పలుచటి గుడ్డలో పిండండి అక్కా. పిప్పి పారేసి, ఆ పాలతోనే అన్నం మిక్సీ పట్టండి. ఉప్పు చివర్లో వేయండి. చెంచా వంపి చూడటం మరిచిపోకండి.