ఇంటిల్లిపాదీ తెలుగు అక్షరాలు అందంగా (కాలిగ్రఫీ) రాయాలంటే ఏ పెన్ను? ఒత్తులకి ఎంత చోటు?

చిన్నక్షరం: బాబుకి 9 ఏళ్లు, ఎడమచేతి వాటం. అమ్మమ్మకీ సరదానే. మార్కర్‌తో లావు, సన్నం తేడా రావట్లేదు. అందరికీ పనికొచ్చేది చెప్పండి.

గంటం: చదును మొన కావాలండి, గుండ్రటి మొనతో ఆ తేడా రాదు. కొనేముందు రెండు పెన్సిళ్లు పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. రెండు మొనలూ కాగితానికి ఆనించి సున్నా చుడితే, గీతలు ఎక్కడ దగ్గరపడతాయో అక్కడే సన్నం. పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత పైలట్ ప్యారలల్ అనే చదును మొన కాలిగ్రఫీ పెన్ను, 3.8 ఎం.ఎం. వెడల్పుది తీసుకోండి. 1.5 అయితే తప్పులు కంటికి ఆనవు.

నల్లసిరా: అందులో ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, ఎండి మొనలోని రెండు రేకుల మధ్య గట్టిపడుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరానే వాడాలి. 75 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) జిరాక్స్ కాగితం మీద సిరా పాకుతుంది. 100 పైన, నున్నటిది చూసుకోండి.

అఆఇఈ: నా దగ్గర అదే పెన్ను ఉంది. ద, ర రాస్తుంటే పైకి వెళ్లేచోట గీరుకుంటోంది.

గంటం: పైకి తోస్తున్నారు కాబట్టి. చదును మొనని లాగితే జారుతుంది, తోస్తే కాగితం పీచులో దిగబడి చుక్కలు చిమ్ముతుంది. బాల్‌పెన్నుతో సున్నా ఒక్క చుట్టులో అయిపోతుంది, దీంతో కుదరదు. మొన అంచుని వరుస గీతకి 30 డిగ్రీల వాలులో పట్టి, గడియారంలో 11 ఉండే చోట మొదలెట్టి ఎడమ సగం 5 దాకా లాగండి. పెన్ను ఎత్తి, మళ్లీ 11 నుంచి కుడి సగం. ఆ రెండు చోట్లా గీత సన్నం కాబట్టి అతుకు తెలియదు.

తలకట్టు: అసలు తంటా ఒత్తులతోనే. అక్షరానికి 5 నిబ్బు (మొన) వెడల్పులు, పైన గుడికి, ఏత్వానికి 3, కింద ఒత్తుకి 4 వదలండి. మొత్తం 12, అంటే 3.8తో దాదాపు 46 ఎం.ఎం. ఏ4 నిలువునా ఆరు వరుసలే పడతాయి. రూళ్ల నోటు పుస్తకంలో రాస్తే ఒత్తు పోయి కింది వరుస గుడికి తగులుతుంది. శ్రీ రాసేటప్పుడు క్రావడి (ర ఒత్తు) ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది, ముందే అక్కడ చోటు ఉంచుకోవాలి. ఒత్తులకి 2.4కి మారేవాళ్లున్నారు. నాకైతే పేలవంగా కనిపిస్తుంది.

చిన్నక్షరం: మరి ఎడమచేతికి?

నల్లసిరా: కాగితాన్ని కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పి, వరుసని పైనుంచి కిందికి రాయించండి. చెయ్యి తడి సిరా మీద పడదు, మొన వాలు కూడా 45 దగ్గర దానంతటదే కుదురుతుంది.