కోల్డ్ స్టోరేజీ కరెంటును మా మిర్చి టిక్కీలకు (బస్తాలకు) ఎలా పంచాలి?

గుంటూరులో మాది మిర్చి ఎగుమతి. యూరప్ కొనుగోలుదారు 2024-25కి కర్బన ఉద్గారాల లెక్కను స్కోప్ 1 (మా దగ్గరే నేరుగా వెలువడేవి), 2 (మేం కొన్న కరెంటువి), 3 (మా వ్యాపారం కోసం ఇతరుల దగ్గర వెలువడేవి) వారీగా అడిగారు. మొదటి రెండూ తేలిపోయాయి. జనరేటర్ డీజిల్‌కు లీటరుకు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, కారం మిల్లు కరెంటుకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చే ఉద్గార గుణకంతో (యూనిట్‌కు ఇంత కార్బన్ డయాక్సైడ్ అనే అంకెతో) లెక్క కట్టాం.

చిక్కంతా అద్దె కోల్డ్ స్టోరేజీ దగ్గరే. అది మాది కాదు కాబట్టి స్కోప్ 3లో వేస్తున్నాం. అక్కడ చల్లబరచడానికి వాడేది అమ్మోనియా, కనుక గ్యాస్ లీకైనా కర్బన లెక్కలో కలపాల్సిన పని లేదు. కానీ ఛాంబర్లన్నిటికీ ఒకటే మీటరు, సరుకు ఎందరిదో. మా రసీదుల్లో టిక్కీల సంఖ్య, పెట్టిన తేదీ, తీసిన తేదీ మాత్రమే ఉంటాయి. యజమానిని బతిమాలితే నెలవారీ యూనిట్లు, మొత్తం నిల్వ ఇచ్చారు.

ఏ నెల యూనిట్లను ఆ నెల నిల్వతో భాగిస్తే, ఏప్రిల్‌లో టిక్కీకి వచ్చే అంకె స్టోరేజీ సగం ఖాళీ అయ్యే నవంబరులో దాదాపు రెట్టింపవుతోంది. పూర్తి సామర్థ్యంతో భాగిస్తేనేమో ఖాళీ జాగాకు కాలిన కరెంటు ఎవరి ఖాతాలోకీ రావట్లేదు. అలా తగ్గించి చూపడం మాకు ఇష్టం లేదు.

ఇలాంటి నివేదిక ఇచ్చినవాళ్లు చెప్పండి: ఆడిట్‌లో నిలబడాలంటే నెలనెలా నిల్వతో భాగించాలా, లేక ఏడాది యూనిట్లన్నిటినీ కలిపి మొత్తం టిక్కీ-రోజులతో (ఒక టిక్కీ ఒక రోజు నిల్వ ఉంటే ఒక టిక్కీ-రోజు) భాగించాలా?