‘నకలు’ అనవచ్చునా? మానవ క్లోనింగ్, దేహంపై హక్కు: కొన్ని మాటల గురించి

ప్రశ్న: మానవ క్లోనింగ్‌లోని నైతిక సమస్యలపై వ్యాసం రాస్తున్నాను. ఆ పద్ధతిలో పుట్టే వ్యక్తిని ‘నకలు’ అనవచ్చునా, ‘ప్రతిరూపం’ అనాలా? ‘నా శరీరం నా హక్కు’ అంటూ క్లోనింగ్‌ను సమర్థించేవారి వాదానికి ‘శారీరక స్వయంప్రతిపత్తి’ అన్న మాట సరిపోతుందా?

జవాబు: ‘నకలు’ వద్దని నా అభిప్రాయం. దస్తావేజుకు నకలు తీస్తాం. అసలుకున్న విలువను బట్టే దానికి విలువ. పైగా ‘నకిలీ’తో దానికున్న చుట్టరికం చెవికి వెంటనే తగులుతుంది. మనిషిని ఆ మాటతో పిలిస్తే, అతడు మరొకరికి చెందినవాడా అన్న ప్రశ్నకు చర్చ మొదలుకాకముందే జవాబు చెప్పేసినట్లవుతుంది. ‘ప్రతికృతి’ బొమ్మలకు, విగ్రహాలకు తగిన మాట. ‘ప్రతిరూపం’ కొంత మేలు. తండ్రికి ప్రతిరూపమని మెచ్చుకునేటప్పుడు కూడా కొడుకు వేరే మనిషన్న ఎరుక అందులో ఉంటుంది.

శాస్త్రం దృష్ట్యా కూడా ‘నకలు’ నిలవదు. కేంద్రకం తీసివేసిన అండంలో దాత కణపు కేంద్రకాన్ని ప్రవేశపెట్టడమే ఈ పద్ధతి కాబట్టి, కేంద్రకం బయట ఉండి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ అండం ఇచ్చిన స్త్రీ నుంచి వస్తుంది. ఆ లెక్కన ఒకే అండం నుంచి పుట్టిన కవలల మధ్య పోలిక ఇంతకన్నా ఎక్కువే, అయినా వారిలో ఒకరిని రెండోవారి నకలు అనం. (‘క్లోన్’కు గ్రీకు మూలంలో అర్థం రెమ్మ. మనం కూడా అంటు మొక్కకు ‘తల్లి చెట్టు’ ఉందంటామే గాని ‘అసలు చెట్టు’ ఉందనం.)

ఇక ‘స్వయంప్రతిపత్తి’ సంస్థలకు అలవాటైన మాట. ‘దేహంపై స్వనిర్ణయాధికారం’ అంటే అర్థం సూటిగా తెలుస్తుంది. అయితే ఆ వాదంలో పరీక్షించవలసింది ‘నా’ అన్న మాటను. కణం నాదే కావచ్చు, దానినుంచి పుట్టే బిడ్డ దేహం నాది కాదు. 1996లో స్కాట్లాండ్‌లోని రోజ్లిన్ సంస్థలో డాలీ అనే గొర్రెపిల్ల క్లోనింగ్ ద్వారా పుట్టడానికి 277 అండాలతో ప్రయత్నించారు. పిండాలుగా ఎదిగినవి 29, పుట్టింది ఒక్కటి. మనుషుల విషయంలో అలాంటి వైఫల్యాలను భరించవలసింది కణం ఇచ్చినవారి దేహం కాదు, అండాలిచ్చే స్త్రీల దేహాలు, గర్భం మోసే స్త్రీల దేహాలు, లోపాలతో పుట్టగల శిశువుల దేహాలు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ ఊ-సుక్ అనే శాస్త్రవేత్త చేసిన క్లోనింగ్ పరిశోధనలో, అది బిడ్డను పుట్టించడానికి కాక మూలకణాల (వేరే రకాల కణాలుగా మారగల కణాల) కోసమే సాగినా, తన బృందంలోని కింది స్థాయి పరిశోధకురాళ్ల అండాలను కూడా వాడారని తేలింది. పై అధికారి కింద పనిచేసే మనిషి ఇచ్చిన సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదని నేను అనలేను. (ఆ పరిశోధన ఫలితాలే కల్పితమని తేలి 2006లో పత్రాలు ఉపసంహరణకు గురయ్యాయి.)

మరొకరి అభ్యంతరం: పుట్టేవారి సమ్మతి అడగడం ఏ జననంలోనూ సాధ్యం కాదు కదండీ. పైగా ఒకరి కణాన్ని అనుమతి లేకుండా వాడినప్పుడు వారిని కాపాడేది ‘నా శరీరం నా హక్కు’ అన్న మాటే.

జవాబు: రెండూ నిజమే. అందుకే పుట్టేవారి సమ్మతి మీద కాక, తెలిసి తెలిసి వారిపై మోపే ప్రమాదం మీద నా వాదాన్ని నిలబెట్టాను. ఆ హక్కు ఇతరులను కాదనడానికి గట్టి ఆధారమే, కాని ఇతరుల దేహాలను వాడుకోవడానికి చాలదు.

వ్యాసంలో మానవ క్లోనింగ్‌పై 2005 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటనను ప్రస్తావిస్తే ఒక జాగ్రత్త అవసరం. ఆ ప్రకటన, మానవ గౌరవానికి, మానవ జీవరక్షణకు పొసగనందున అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ నిషేధించమంటుందా, లేక పొసగని మేరకే నిషేధించమంటుందా అన్నది ఆంగ్ల పాఠంలోని ‘inasmuch as’ అన్న సంబంధ పదాన్ని ఎలా చదువుతామన్నదాని మీద ఆధారపడుతుంది. 84 దేశాలు అనుకూలంగా, 34 వ్యతిరేకంగా ఓటు వేయగా 37 తటస్థంగా ఉండిపోయిన ఆ తీర్మానానికి కట్టుబడాలన్న చట్టబద్ధమైన నియమం లేదు. ‘అందున’ అని రాస్తే సంపూర్ణ నిషేధమవుతుంది, ‘మేరకు’ అని రాస్తే చికిత్స కోసం చేసే పరిశోధనకు చోటు మిగులుతుంది. తెలుగులో రెండర్థాలనూ మోసే ఒక్క మాట నాకు దొరకలేదు కనుక, రెండు పాఠాలూ ఇచ్చి ఆ తేడాను చెప్పడమే మంచిది.