దేవయ్య స్టార్‌ఫైటర్‌ని కూల్చాడా? శకలాలు తగిలి పడిందా?

కృష్ణాతీరం:
1965 సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఆదంపూర్ నుంచి మన మిస్టేర్ విమానాలు పాకిస్థాన్‌లోని సర్గోధా ఎయిర్‌బేస్ మీద దాడికి వెళ్లాయి. పాకిస్థాన్ పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజద్ హుస్సేన్ ఎఫ్-104 స్టార్‌ఫైటర్‌లో వాటి వెంట పడ్డాడు. చివరికి ఆ స్టార్‌ఫైటరూ కూలింది, స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య నడుపుతున్న మిస్టేరూ కూలింది. అంజద్ పారాచూట్‌తో బయటపడ్డాడు. దేవయ్య తిరిగి రాలేదు. దేవయ్యే దాన్ని కూల్చాడని మనం గట్టిగా చెప్పుకుంటాం. కానీ మన పైలట్లలో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పేలిన మిస్టేర్ శకలాలు తగిలి పడిపోయిందని పాకిస్థాన్ వైపు మొదట్లో అన్నారు కదా, ఆ మాటని ఏ ఆధారంతో కొట్టేస్తున్నాం?

ఓరుగల్లు శ్రీను:
నాకూ అదే అనుమానం. స్టార్‌ఫైటర్ ధ్వని కంటే రెండు రెట్లు వేగంగా పోతుంది, దాని దగ్గర సైడ్‌వైండర్ మిస్సైళ్లున్నాయి. మిస్టేర్ మామూలుగా ఎగిరితే ధ్వని వేగాన్ని కూడా దాటదు. పైగా దేవయ్యది అప్పటికే అంజద్ దాడిలో దెబ్బతిన్న విమానం. నమ్మడం కష్టం.

సీతమ్మధార:
శ్రీను గారూ, వేగం ఒక్కటే చూస్తే మీరన్నది నిజం. కానీ స్టార్‌ఫైటర్ రెక్కలు చూడండి, కురచగా, కత్తి అంచుల్లా పల్చగా ఉంటాయి. సూటిగా దూసుకుపోవడానికి కట్టిన విమానం అది. నేలకి దగ్గరగా వేగం తగ్గించి మలుపులు తిరగడం మొదలుపెడితే ఆ రెక్కలే దానికి శత్రువులు. అక్కడ మిస్టేర్‌ది పైచేయి. దానికున్న రెండు 30 మి.మీ. ఫిరంగుల గుండ్లు నాలుగైదు తగిలినా ఫైటర్ జెట్ నిలవడం కష్టం. ఒక్కసారి దాడి చేసి వేగంగా పైకి వెళ్లిపోయి ఉంటే అంజద్‌కి ప్రమాదం ఉండేది కాదు. మిస్టేర్‌తో మలుపుల పోరుకి దిగడమే దెబ్బతీసింది.

ఇక ఆధారం సంగతి. మన ఎయిర్‌ఫోర్స్ ఈ కథని పుట్టించలేదు. ఏళ్ల తరబడి దేవయ్య మనకి తిరిగిరాని పైలట్ మాత్రమే. దెబ్బతిన్న తర్వాత కూడా ఆ మిస్టేర్ పైలట్ తిరగబడి ఫిరంగులతో స్టార్‌ఫైటర్‌ని కొట్టాడని 1979లో రాసింది జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత, అదీ పాకిస్థాన్ వైపు నుంచి సేకరించిన వివరాలతో. ఆ పైలట్ ఎవరో వెతికితే దేవయ్య అని తేలింది. అవతలి వాళ్లు తమ ఓటమిని ఒప్పుకుంటూ చెప్పిన మాట ఇది. మనం గొప్ప కోసం చెప్పుకున్నదైతే నేనూ అనుమానించేదాన్నే.

కృష్ణాతీరం:
శకలాల మాట కూడా వాళ్లదే కదండీ. రెండింట్లో మనకి నచ్చింది ఏరుకుంటున్నామేమో?

సీతమ్మధార:
ఏరుకోవడం కాదండీ. మొదటిది యుద్ధకాలపు మాట. తమ కొత్త సూపర్‌సోనిక్ విమానాన్ని పాత మిస్టేర్ కూల్చిందని అప్పుడు ఏ దేశమూ ఒప్పుకోదు. రెండోది 14 ఏళ్ల తర్వాత వచ్చింది, అలా చెప్పడం వల్ల వాళ్లకి ఒరిగేదేమీ లేదు. అందుకే నేను రెండోదాన్నే నమ్ముతాను.

పల్నాటి పిల్ల:
నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మహావీర చక్ర ఇచ్చింది 1988లో. 23 ఏళ్లు! అన్నేళ్లూ ఆ ఇంట్లోవాళ్లకి ఆయన చివరి నిమిషాలు ఎలా గడిచాయో సరిగ్గా తెలియలేదు. పరమవీర చక్ర ఇవ్వాల్సిందని నా అభిప్రాయం.

ఓరుగల్లు శ్రీను:
రెక్కల సంగతి నేను ఆలోచించలేదు. కూల్చింది ఆయనే అనిపిస్తోంది ఇప్పుడు. పరమవీర చక్ర విషయంలో మాత్రం సాక్షులు లేని పోరాటానికి మహావీర చక్ర రావడమే పెద్ద సంగతి అనుకుంటాను.

కృష్ణాతీరం:
ఫిరంగి గుండ్ల వరకు నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ చాలామంది ఇంకో మాట కలుపుతున్నారు: తోటివాళ్లని కాపాడాలని ఇంటిదారి వదిలి కావాలనే వెనక్కి తిరిగాడని. ఆ క్షణంలో ఆయన మనసులో ఏముందో ఎవరు విన్నారు? విమానం అప్పటికే దెబ్బతింది. ఆదంపూర్ దాదాపు 300 కిలోమీటర్ల దూరం. వెళ్లలేనని తెలిసి తిరగబడి ఉండొచ్చు కూడా. గుండ్లు తగిలాయన్నది ఒకటి, ఎందుకు తిరిగాడన్నది వేరొకటి. ఈ రెండూ కలిపేస్తే రేపు మొదటిదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

సీతమ్మధార:
ఇది మాత్రం నేను కాదనలేను. నేను కూడా పాత పోస్టుల్లో అలాగే కలిపి రాశాను, ఈ రాత్రికి సరిచేస్తాను. తెలిసినంత వరకే రాస్తాను: ఆ రోజు వింగ్ కమాండర్ తనేజా గారి నాయకత్వంలో వెళ్లిన దాడికి దేవయ్య స్టాండ్‌బై పైలట్ (అవసరమైతే వెళ్లడానికి సిద్ధంగా ఉంచిన పైలట్), చివరికి ఆయనా సర్గోధా వెళ్లాడు, తన వెంట పడిన స్టార్‌ఫైటర్‌తో పోరాడి దాన్ని కొట్టాడు.