పాత స్కోడా లారా డీజిల్‌కి క్లచ్: మళ్లీ డ్యూయల్ మాస్ ఫ్లైవీలేనా, సింగిల్ మాస్‌కి మారిపోవచ్చా?

మార్కాపురం_లారా

అందరికీ నమస్తే. నాది 2009 లారా 1.9 టీడీఐ, మాన్యువల్, 5 గేర్లు. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్, కుదిరినప్పుడల్లా శ్రీశైలం మీదుగా మార్కాపురం. ఈమధ్య దోర్నాల ఘాట్‌లో నాలుగో గేర్‌లో ఎక్కిస్తుంటే ఆర్‌పీఎం పైకి పోతోంది, బండి మాత్రం లాగట్లేదు. ఐడ్లింగ్‌లో కింద గలగలమంటోంది, ఇంజిన్ ఆపేటప్పుడు దబ్‌మని ఒక కుదుపు.

ఒక వర్క్‌షాపులో క్లచ్ సెట్టూ డీఎంఎఫ్ (అదే, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్) రెండూ మార్చాలన్నారు. ఫ్లైవీల్ ఒక్కటే క్లచ్ సెట్‌కి రెండింతల పైన ఉంది, ఎస్టిమేట్ చూసి నీరసం వచ్చింది. ఇంకో మెకానిక్ ఏమో సింగిల్ మాస్ కిట్ వేసేస్తే జన్మలో మళ్లీ ఈ గొడవ ఉండదంటున్నాడు. ఎవరి మాట వినాలి? 15 ఏళ్లు నిండాక 2024లో ఆర్సీ రెన్యువల్ చేయించా, 2029 దాకా ఉంది. కాబట్టి దయచేసి "అమ్మేయ్ బ్రో" అని రాయకండి.

హైవే_పిచ్చి

అమ్మేయ్ బ్రో.

ఆటోనగర్_సీను

సార్, మాది బెజవాడ ఆటోనగర్. సింగిల్ మాస్ వేయించుకోండి, నిశ్చింతగా ఉంటారు. డీఎంఎఫ్ అంటే రెండు చక్రాలు, మధ్యలో వంపు స్ప్రింగులు, గ్రీజు. అది అరిగే వస్తువు. ఎంత డబ్బు పెట్టినా మళ్లీ అరుగుతుంది. సింగిల్ మాస్ అంటే ఒకే ఇనుప దిమ్మ, అందులో పాడవడానికి ఏముంది? వేడికి మచ్చలు పడితే లేత్ మీద ఫేసింగ్ చేయించి మళ్లీ వాడొచ్చు, రేపు క్లచ్ పోతే ప్లేటు, కవర్, బేరింగ్ మార్చుకుంటే సరి. పదిహేనేళ్లు దాటిన బండికి కారు విలువలో అంత వాటా ఒక్క ఫ్లైవీల్ మీద పెట్టమని నేనైతే చెప్పను. కంపెనీ వాళ్లు ఏది ఉంటే అదే మార్చమంటారు, వాళ్ల పద్ధతి అది.

టార్క్_రావు

సీను గారూ, "ఇనుప దిమ్మలో పాడవడానికి ఏముంది" నిజమే, కానీ అది పాడవదు, పక్కనున్నవాటిని పాడు చేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే రెండు పవర్ స్ట్రోకులు. అంటే టార్క్ (తిప్పే బలం) ధారలా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది, ఆర్‌పీఎం తగ్గేకొద్దీ ఆ దెబ్బలు ఇంకా తెలుస్తాయి. పైగా ఇది పంప్ డ్యూజ్ (ఒక్కో సిలిండర్‌కీ విడిగా పంపు-ఇంజెక్టర్ ఉండే పాతరకం డీజిల్) ఇంజిన్, 1,900 ఆర్‌పీఎంకే 250 ఎన్ఎం టార్క్ ఇచ్చేస్తుంది, మోటుగా ఇస్తుంది. ఆ అదురంతా గేర్‌బాక్స్‌లోకి పోకుండా మధ్యలోనే మింగేయడానికే డీఎంఎఫ్ పెట్టారు. అది షోకు కాదు. లూక్ కంపెనీ 1985లోనే దీన్ని మార్కెట్లోకి తెచ్చింది, అప్పటినుంచి డీజిల్ కార్లు పెరిగేకొద్దీ ఇదీ పెరిగిందంటే ఊరికే కాదు.

సింగిల్ మాస్ వేస్తే ఆ పని క్లచ్ ప్లేటులోని చిన్న స్ప్రింగుల మీద పడుతుంది. వాటికి కదిలే చోటు తక్కువ. మిగిలిన అదురు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కీ, బేరింగులకీ. ఫ్లైవీల్‌లో మిగిల్చిన డబ్బు గేర్‌బాక్స్‌లో పోస్తారు.

లీడ్స్_తెలుగు

నేను యూకేలో ఉంటాను. ఇక్కడ 1.9 టీడీఐ ఆక్టేవియాలు (మన లారాకి ఇక్కడి పేరు) టాక్సీలుగా బోలెడు తిరిగాయి, చాలామంది సింగిల్ మాస్‌కి మార్చేశారు. వాలియో వాళ్లు నాలుగు భాగాలూ కలిపి ఒకే కిట్‌గా అమ్ముతారు: ఫ్లైవీల్, కవర్, ప్లేటు, రిలీజ్ బేరింగ్. కాబట్టి ఇది మన దగ్గర పుట్టిన జుగాడ్ కాదు. రావు గారు చెప్పినంత భయపడక్కర్లేదు, ఆ టాక్సీల గేర్‌బాక్సులు వరసపెట్టి పేలిపోలేదు. కాకపోతే ఐడ్లింగ్‌లో పాత ట్రాక్టర్ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది, క్లచ్ తొక్కితే ఆ గోల ఆగుతుంది. సిగ్నల్ దగ్గర స్టీరింగ్‌లోకీ సీట్లోకీ కూడా కొంచెం తెలుస్తుంది. టాక్సీ వాళ్లకి అది పట్టదు, సొంతకారు వాళ్లకి పడుతుంది.

పాతబండి_పద్మ

అసలు ఫ్లైవీల్ పోయిందని ఎవరు చెప్పారండీ, చూసి చెప్పారా, విని చెప్పారా? క్లచ్ జారడం వేరు, డీఎంఎఫ్ వేరు. ఆర్‌పీఎం ఎగరడం ప్లేటు అరిగినా వస్తుంది, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేటు తడిసినా వస్తుంది. సీల్ కారుతుంటే మీరు ఏ కిట్ వేసినా కొత్త ప్లేటు కూడా తడుస్తుంది, డబ్బు బూడిదలో పోసినట్టే. గలగల సంగతికొస్తే, క్లచ్ తొక్కినప్పుడు శబ్దం మొదలైతే ముందు రిలీజ్ బేరింగ్‌ని అనుమానించండి. తొక్కితే తగ్గితే గేర్‌బాక్స్ వైపూ ఫ్లైవీల్ వైపూ చూడాలి. ఆపేటప్పుడు కుదుపు ఉందంటున్నారు కాబట్టి డీఎంఎఫ్ మీద నాకూ అనుమానమే, కానీ గేర్‌బాక్స్ దించాక మీరు దగ్గరుండి చూడండి. బయటి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పితే ఎంత ఆడుతోంది, పక్కకి ఎంత ఊగుతోంది, గ్రీజు బయటికి చిమ్మిందా. ఆ ఆటకి ఒక్కో పార్ట్ నంబరుకి ఒక్కో లిమిట్ ఉంటుంది, అందాజాగా చెప్పేది కాదు.

ఇంకో మాట. డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) లారా ఉన్నవాళ్లు ఇది చదివి కన్వర్షన్ అని ఆశపడకండి, దాని కథ పూర్తిగా వేరు.

ఆటోనగర్_సీను

మేడమ్ చెప్పింది కరెక్ట్, దించాకే మాట్లాడాలి. కానీ రావు గారూ, డీఎంఎఫ్ ఉన్న బండ్లకి గేర్‌బాక్సులు పోవట్లేదా? మా షెడ్డుకి వచ్చేవాళ్లలో సగం మంది ఐదో గేర్‌లో 1,200 దగ్గర ఈడ్చుకుంటూ వస్తారు, మైలేజీ అంటారు. ఆ తోలుడుకి కొత్త డీఎంఎఫ్ మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంత ఖరీదు పెట్టించి, రెండేళ్లకి మళ్లీ గలగలమంటే తిట్లు పడేది మాకు.

టార్క్_రావు

ఆ తోలుడుకి సింగిల్ మాస్ ఇంకా ఘోరం కదా సీను గారూ, అదురు పుట్టేదే అక్కడ! అయినా నా అసలు భయం మంచి కిట్ గురించి కాదు. డీఎంఎఫ్ బండికి వచ్చే ప్లేటు మామూలుగా స్ప్రింగులు లేని గట్టి ప్లేటు. దాన్నే ఉంచి సింగిల్ మాస్ ఫ్లైవీల్ బిగించేవాళ్లు ఉన్నారు, అప్పుడు అదురు మింగేది ఏదీ మిగలదు. అంతకంటే తెలివైనవాళ్లు పాత డీఎంఎఫ్‌కే వెల్డింగ్ పెట్టి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తారు. అంత బరువు ఇంజిన్ స్పీడులో తిరుగుతుంటే ఆ వెల్డింగ్ ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్క్రాప్‌లోంచి తెచ్చిన డీఎంఎఫ్ కూడా వద్దు, మీరు మార్చేది అరిగిందనేగా, అదీ అరిగిందే.

ఆటోనగర్_సీను

వెల్డింగ్ చేసేవాడిని నేనూ సమర్థించను సార్. పూర్తి కిట్ వేస్తేనే నా మాట.

మార్కాపురం_లారా

అందరికీ థాంక్స్. పద్మ గారూ, నిజం చెప్పాలంటే ఆ వర్క్‌షాపు వాళ్లు గేర్‌బాక్స్ దించకుండానే, శబ్దం విని చెప్పారు. మీరన్నట్టు ఆదివారం ఇంటి దగ్గర చూశా, క్లచ్ తొక్కితే గలగల బాగా తగ్గుతోంది, పూర్తిగా పోవట్లేదు. వచ్చే వారం దింపిస్తున్నా, దగ్గరుంటా.

డీఎంఎఫ్ లిమిట్‌లో ఉంటే క్లచ్ సెట్టూ ఆయిల్ సీలూ మార్చి ఊరుకుంటా. పోయిందంటే మాత్రం ఖర్చైనా డీఎంఎఫ్‌కే మొగ్గుతున్నా. రోజూ రెండు గంటలు సిగ్నళ్ల దగ్గర ఐడ్లింగ్‌లోనే గడిచే బండి నాది, ఊరెళ్లేటప్పుడు వెనక సీట్లో అమ్మ నడుము నొప్పితో కూర్చుంటుంది. లీడ్స్ బ్రో ట్రాక్టర్ మాటతోనే నాకు సగం తేలిపోయింది. ఇదే కారు టాక్సీగానో, హైవే మీదే తిరిగేదిగానో ఉంటే సీను గారి మాటే వినేవాణ్ణి.

టార్క్_రావు

మంచిది. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి ఆర్డర్ పెట్టండి, పాతవి మళ్లీ బిగించనివ్వద్దు. 60 ఎన్ఎం బిగించి, పైన ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. టార్క్ రెంచ్ లేకుండా "చేతికి తెలుస్తుంది" అనే మెకానిక్ అయితే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

ఆటోనగర్_సీను

మా దగ్గర టార్క్ రెంచ్ ఉంది సార్ 😀 డీఎంఎఫ్ తెచ్చేటప్పుడు డబ్బా మీద పేరు చూసి మోసపోకండి, లూక్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే తీసుకోండి. 1,500 లోపు ఐదో గేర్ మాత్రం వేయకండి.

హైవే_పిచ్చి

ఇంత ఖర్చు పెట్టాక ఎలాగూ అమ్మలేవు బ్రో.