‘రొట్టెలూ సర్కసూ’ అంటే సరిపోతుందా? జువెనల్ మాటకు తెలుగు

పోస్ట్:

నిన్న ఒక అనువాద వ్యాసం ప్రూఫు దిద్దుతూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: “రోమన్ జనానికి కావలసినవి రెండే, రొట్టెలూ సర్కసూ.” చదవగానే నా కళ్ల ముందు గుడారం, ఏనుగు, ఉయ్యాల మీద వేలాడే అమ్మాయి. రాసిన విద్యార్థినిని అడిగితే తనకీ అదే కనబడిందట. ఆమె తప్పేం లేదు, మనకు సర్కస్ అంటే అదే. కానీ రోమన్ వ్యంగ్య కవి జువెనల్ ఈ మాట రాసింది రెండో శతాబ్దం మొదట్లో. లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ గుండ్రటి బరిలో గుర్రపుస్వారీ విన్యాసాలు చూపించి నేటి సర్కస్‌కు దారి వేసింది 1768లో.

మూలంలో ఉన్నది ‘పానెమ్ ఎత్ కిర్కేన్సేస్’, ఆయన పదో వ్యంగ్య కవిత 81వ పాదంలో. ‘కిర్కుస్’ అంటే వలయం. అక్కణ్నుంచి రథాల పందేలు జరిగే మైదానానికి పేరైంది. ‘కిర్కేన్సేస్’ విశేషణం, ఆ మైదానంలో జరిగేవి అని. ‘ఆటలు’ అనే నామవాచకం వాడుకలో రాలిపోయి విశేషణం ఒక్కటే మిగిలింది. మనం ‘గద్వాల చీర’ అనకుండా “గద్వాల కట్టుకుంది” అన్నట్టు.

రోమ్‌లో ఆ మైదానం పాలటైన్, అవెంటైన్ కొండల మధ్య లోయలో ఉంది. పొడవు 600 మీటర్లకు పైనే. లక్షన్నర మంది పట్టేవారని గ్రీకు చరిత్రకారుడు డయోనీసియస్ రాశాడు. పందెం ఇలా ఉండేది: పందేలు జరిపించే అధికారి చేతిలోంచి తెల్లగుడ్డ జారగానే 12 గేట్లు తెరుచుకుంటాయి. నాలుగు గుర్రాల రథాలు ఏడు చుట్లు తిరగాలి. చుట్ల లెక్క జనానికి తెలిసేలా నడిమి గోడ మీద ఏడు డాల్ఫిన్ బొమ్మలు. సారథి పగ్గాలను నడుముకు చుట్టుకుంటాడు, చేతుల బలం ఒక్కటే చాలదు కనుక. అందుకే ఒంటి మీద ఒక కత్తి. రథం విరిగితే క్షణంలో పగ్గాలు కోసుకోవాలి, లేకపోతే గుర్రాలు ఈడ్చుకుపోతాయి. అలా రథం విరిగి పడటానికి వాళ్ల మాట ‘నౌఫ్రాగియుమ్’, అంటే ఓడ బద్దలవడం. అందులోని ‘నౌ’ మన నౌకలోని ‘నౌ’కు చుట్టమే. ఈ మాట తెలిసిన రోజు చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

ఇక రొట్టె. జువెనల్ కాలంలో ప్రభుత్వం పంచింది రొట్టెలు కాదు, గోధుమలు. క్రీ.పూ. 123లో గైయుస్ గ్రాకుస్ అనే ప్రజానాయకుడు చౌకధరకు ఇప్పించాడు, క్రీ.పూ. 58లో క్లోడియుస్ అనే మరో నాయకుడు పూర్తిగా ఉచితం చేశాడు. మనిషికి నెలకు ఐదు మోదీలు (‘మోదియుస్’ అనేది రోమన్ల ధాన్యం కొలత), సుమారు 33 కిలోలు. ఆగస్టస్ చక్రవర్తి కాలానికి తీసుకునేవాళ్లు రెండు లక్షల మంది. కాల్చిన రొట్టెలు పంచడం మూడో శతాబ్దంలో ఔరేలియన్ చక్రవర్తి వచ్చాక. అంటే కవి ‘పానెమ్’ అన్నది మనం ‘కూడు’ అన్నట్టే.

నా ప్రతిపాదన ‘తిండీ తిరునాళ్లూ’. ఆ ఆటలు చాలావరకు దేవుళ్ల పండగల్లో జరిగేవే. సెప్టెంబరులో జూపిటర్ పండగకు కాపిటోల్ కొండ నుంచి దేవతామూర్తులను మైదానం దాకా ఊరేగించి, ఆ తర్వాతే పందేలు మొదలుపెట్టేవారు. మీరేమంటారు?

వ్యాఖ్య:

మాస్టారూ, చిన్న సందేహం. కిర్కుస్, మన చక్రం ఒకటేనా? వినడానికి దగ్గరగా ఉన్నాయి.

జవాబు:

కాదమ్మా. చక్రానికి చుట్టం గ్రీకు ‘కుక్లోస్’, అందులోంచే సైకిల్. ధ్వని కలిసిందని కలిపేయకూడదు. కానీ నువ్వు వెతుకుతున్నది పక్కనే ఉంది: లాటిన్‌లో చక్రాన్ని ‘రోటా’ అంటారు, అది మన ‘రథం’తో ఒకే మూలం నుంచి వచ్చింది.

వ్యాఖ్య:

నమస్కారమండీ. ఎన్నికల ముందు ఉచితాలు పంచి ఓట్లు కొనడాన్ని ఈ మాటతో తిడుతుంటారు కదా. అలాంటప్పుడు ‘తిరునాళ్లు’ మరీ మెత్తగా లేదూ?

జవాబు:

ఆ వాడకంతోనే నాకు పేచీ అండీ. కవిత చెప్పేది దానికి తలకిందులుగా ఉంది. సందర్భం తిబేరియుస్ చక్రవర్తికి కుడిభుజంగా ఉన్న సెజానుస్ పతనం, క్రీ.శ. 31. నిన్నటిదాకా మొక్కిన జనమే అతని విగ్రహాలను తాళ్లతో లాగి కొలిమిలో వేస్తున్నారు. అక్కడ కవి అనేది దాదాపు ఇదీ: “మన ఓట్లు ఎవరికీ అమ్ముకోని రోజు నుంచీ ఈ జనం దేన్నీ పట్టించుకోవడం మానేశారు. ఒకప్పుడు అధికారం, పదవులు, సేనలు, సమస్తం ఇచ్చినవాళ్లే ఇప్పుడు తగ్గి, రెండింటి కోసమే ఆరాటపడుతున్నారు.” తిబేరియుస్ క్రీ.శ. 14లోనే ఎన్నికలను జనసభ నుంచి సెనేట్‌కు మార్చేశాడు. అంటే ఓటుకు బదులు కూడు ఇవ్వడం కాదు, ఓటు పోయాక మిగిలింది కూడు. ‘అమ్ముకోని’ అన్న చోట ‘మనం’ అని ఉండటం కూడా చూడండి. కవి తనను తాను వదిలిపెట్టలేదు.

వ్యాఖ్య:

అన్నయ్యా, తిరునాళ్లలో మిఠాయి కొట్టు, రంగులరాట్నం గుర్తొస్తాయి. పందెం టెన్షన్ ఎక్కడ వస్తుంది? ఎర్ర, తెల్ల, నీలి, పచ్చ జట్లుగా నగరమంతా చీలిపోయేది. రోమన్ రచయిత చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో, పరుగు మధ్యలో సారథులు రంగులు మార్చుకుంటే జనం అభిమానం కూడా ఆ రంగు వెంటే పోతుందని బాధపడతాడు. మా భీమవరం వైపు కోడిపందేల చోటుకు ‘బరి’ అంటాం. కిర్కుస్‌కు ఇంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు.

జవాబు:

తమ్ముడూ, ఒప్పుకున్నాను. ‘బరి’ ఎందుకు తట్టలేదా అనిపిస్తోంది. పండగ గుర్తుకు రావాలన్న పట్టుదలలో మూలంలో ‘ఆంక్సియుస్’ (ఆరాటంతో) అనే మాట ఉన్న సంగతే మరిచాను. ఆ ఆరాటం తిరునాళ్లలో ఉండదు, బరి దగ్గరే ఉంటుంది. పైగా మనం ‘ఎన్నికల బరి’ అని కూడా అంటాం. ఆ బరి మూతపడి ఈ బరి ఒక్కటే మిగిలిందన్న బాధ ఒక్క మాటలో వస్తుంది.

ప్రూఫులో ‘కూడూ, బరిలో పందేలూ’ అని దిద్దాను. ‘ఆరాటపడుతున్నారు’ కూడా చేర్చమని ఆ అమ్మాయికి రాశాను. పండగ సంగతి, గోధుమల సంగతి కింద రెండు వాక్యాల వివరణగా ఇస్తాం.